జేబుచాకుకు సరిగ్గా అమరే తోలు ఒర

ఈ ఒరకు మూత ఉండదు, బటన్ ఉండదు. చాకు జేబులో తలకిందులైనా జారిపోకుండా పట్టేది తోలు బిగువు ఒక్కటే. ఆ బిగువంతా కుట్టుగీత ఎక్కడ పడిందన్నదాని మీదే ఆధారపడుతుంది. గీత ఒక్క మిల్లీమీటరు లోపలికి జరిగితే ఒర చుట్టుకొలత రెండు మిల్లీమీటర్లు తగ్గుతుంది. అంత తేడాకే చాకు ఇరుక్కుపోవచ్చు, బయటికి జరిగితే జారిపోవచ్చు. కాబట్టి కుట్టడానికి పట్టినంత సేపు కొలతకూ పట్టినా తొందరపడకండి.

కింది లెక్కలన్నీ విక్టోరినాక్స్ స్పార్టన్ చాకుకు సంబంధించినవి. మూసినప్పుడు దాని పొడవు 91 మిల్లీమీటర్లు, వెడల్పు 26-27, మందం సుమారు 15. మీ దగ్గర వేరే చాకు ఉంటే అంకెలు మారతాయి, పద్ధతి మారదు.

తోలు

చెట్టు చెక్కతో, అంటే బెరడుతో, పదును చేసిన తోలే కావాలి. అంగళ్ళలో దీన్ని వెజ్ టాన్ అంటారు. దక్షిణాదిన తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయలతో తోళ్ళు పదును చేయడం తరతరాల పని. ఇలాంటి తోలు నీళ్ళలో నానితే మెత్తబడి, మనం నొక్కిన రూపానికి వచ్చి, ఆరాక ఆ రూపంలోనే గట్టిపడుతుంది. హ్యాండ్‌బ్యాగులకూ జాకెట్లకూ వాడే క్రోమ్ తోలుకు ఈ గుణం లేదు. ఎంత తడిపి నొక్కినా ఆరేసరికి మళ్ళీ మామూలుగా అయిపోతుంది. దాని అంచులు కూడా నున్నగా తేలవు, పీచులు పీచులుగా లేస్తాయి.

కొనేటప్పుడు రెండు పరీక్షలు చాలు. మొదటిది, నున్నటి వైపు ఒక నీటి బొట్టు వేసి చూడటం. వెజ్ టాన్ తోలయితే బొట్టును పీల్చుకుని ఆ చోట నల్లబడుతుంది. క్రోమ్ తోలు మీద బొట్టు చాలాసేపు అలాగే నిలబడుతుంది. రెండోది, కోసిన అంచును చూడటం. లోపలిదాకా ఒకే గోధుమరంగు ఉంటే వెజ్ టాన్, మధ్యలో నీలం కలిసిన బూడిదరంగు గీత కనబడితే క్రోమ్. పైన రంగో మైనమో దట్టంగా పట్టించిన వెజ్ టాన్ కూడా నీటిని పీల్చదు కాబట్టి బొట్టు ఒక్కదాన్నే నమ్మకండి, అంచు కూడా చూడండి.

మందం 1.6 నుంచి 2 మిల్లీమీటర్లు. అమెరికాలో ఉన్నవారికి తోలు ఔన్సుల లెక్కన దొరుకుతుంది. ఒక ఔన్సు సుమారు 0.4 మిల్లీమీటరు కాబట్టి 4-5 ఔన్సుల తోలు అడగండి. అంతకన్నా పలచనిది నెల రోజుల్లో మూతి దగ్గర సాగిపోతుంది. 2.5 దాటితే ఒర జేబులో ఇటుకముక్కలా ఉంటుంది, 15 మిల్లీమీటర్ల చాకు చుట్టూ మడత కూడా సరిగ్గా తిరగదు.

పశువు పొట్ట భాగం తోలు చవకగా వస్తుంది గానీ ఈ పనికి వద్దు, అది బాగా సాగుతుంది. వీపు భాగం అడగండి. ముక్క చేతికొచ్చాక అటూ ఇటూ లాగి చూడండి. ఒక దిక్కుకు తక్కువగా, ఇంకో దిక్కుకు ఎక్కువగా సాగుతుంది. తక్కువ సాగే దిక్కు చాకు చుట్టూ తిరిగేలా పెట్టుకోవాలి. ఒర వదులయ్యేది చుట్టుకొలతలోనే, పొడవులో కాదు. ఈ ఒక్క జాగ్రత్తతో ఒర బిగువు ఎన్నో ఏళ్ళు నిలుస్తుంది. చాలామంది ముక్క వృథా కాకూడదని తిప్పి కోసేది కూడా ఇక్కడే.

మొత్తం మీద 10 సెంటీమీటర్ల చదరపు ముక్క ఒకటి చాలు. అది కాక 0.8 మిల్లీమీటర్ల మైనం దారం, మొండి మొన సూదులు రెండు, పదునైన కత్తి లేదా తోలు కోసే రంపె, 4 మిల్లీమీటర్ల ఎడంతో గాట్లు పెట్టే పళ్ళ ఉలి, చెక్క గూటం, చెప్పులు కుట్టేవారు వాడే రబ్బరు సొల్యూషన్ కావాలి. పళ్ళ ఉలి లేకపోతే ఆరెతో ఒక్కొక్క రంధ్రం చేసుకోవచ్చు. ఆలస్యమవుతుంది గానీ పని అందంలో తేడా రాదు.

కొలత

ఒక సెంటీమీటరు వెడల్పు కాగితం పట్టీని చాకు బాగా మందంగా ఉన్నచోట బిగుతుగా చుట్టండి. రెండు కొసలనూ పక్కవైపు మధ్యలో కలిపి, చాకుకు ఆనించి వేళ్ళతో పట్టుకుని, ఆ పట్టు దగ్గర గుండుసూదితో రెండు పొరలకూ కలిపి పొడవండి. పట్టీ విప్పి రెండు రంధ్రాల మధ్య దూరం కొలిస్తే చుట్టుకొలత వస్తుంది. ఈ చాకుకు అది 75 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది.

ఇదే కొలతతో తోలు కోస్తే చాకు లోపలికి వెళ్ళదు. కాగితానికి మందం లేదు, తోలుకు ఉంది. మందమున్న వస్తువు వంగితే లోపలి వైపు ముడుచుకుంటుంది, బయటి వైపు సాగుతుంది, పొడవు మారకుండా ఉండేది నడిమి పొర ఒక్కటే. చుట్టూ ఒక పూర్తి వలయం తిరిగేసరికి ఈ తేడా తోలు మందానికి మూడింతల కన్నా కాస్త ఎక్కువే అవుతుంది. 1.8 మిల్లీమీటర్ల తోలైతే ఐదున్నర కలపాలి. ఇక రెండు పొరలూ కలిసే చోట తోలు ఒక్కసారిగా లంబంగా తిరగలేదు, కొంచెం వంపు తీసుకుంటుంది. దానికో రెండు మిల్లీమీటర్లు. మొత్తం 75, 5.5, 2 కలిపి దాదాపు 82.

తోలును సగానికి మడుస్తాం కాబట్టి మడత నుంచి కుట్టుగీతకు 41. గీత అవతల అంచుకు 4. మడిచినప్పుడు వెడల్పు 45, విప్పితే 90.

ఎత్తుకు లెక్క వేరు. పట్టి లాగడానికి పైన 14 మిల్లీమీటర్ల చాకు బయట ఉండాలి, అంటే లోపల ఉండేది 77. అడుగున చాకు కొస నుంచి కుట్టుగీతకు ఉండాల్సిన ఎడం, చాకు మందంలో సగం, తోలు మందం, ఒక వెంట్రుకవాసి కలిపి 10. గీత కింద అంచు 4. మొత్తం 91. అడుగున ఆ 10 మిల్లీమీటర్లు వదలకపోతే చాకు పూర్తిగా దిగదు, పైన 14 బదులు 24 తేలి నిలబడుతుంది. మొదటిసారి చేసేవారు ఎక్కువగా తప్పేది ఈ అడుగు కొలత దగ్గరే. వెడల్పు గురించి అందరూ ఆలోచిస్తారు, అడుగున కూడా చాకుకు మందముందన్న సంగతి గుర్తురాదు.

ఈ కొలతలతో ముందు అట్ట మీద నమూనా గీయండి. పాత శుభలేఖల అట్ట దీనికి చక్కగా సరిపోతుంది, వంగదు, అంచు పదునుగా తెగుతుంది. మడతకు ఎదురుగా ఉన్న అడుగు మూలను 12 మిల్లీమీటర్ల వంపుతో గుండ్రంగా తిప్పండి. మూతి మధ్యలో బొటనవేలు ఆనడానికి ఒక గాటు కావాలి, రూపాయి బిళ్ళ అంచును పావువంతు దించి గీస్తే చాలు. ఎక్కువ లోతు తీస్తే అక్కడ మూతి బలం పోయి చెవిలా వంగిపోతుంది. గాటు ఒక వైపు తీస్తే సరిపోతుంది. రెండు వైపులా తీస్తే చూడటానికి బాగుంటుంది గానీ పట్టు తగ్గుతుంది.

చాకు ఏ వైపు తిరిగి ఉండాలన్నది కూడా ఇప్పుడే తేల్చుకోండి. రింగు ఉన్న కొస పైకి. వెన్ను మీద మరచుట్ట (సీసా బిరడా లాగే స్క్రూ) ఉన్న వైపు మడత దిక్కుకు. అటువైపు దారం ఉండదు కాబట్టి తీసి పెట్టేటప్పుడు మరచుట్ట మొన రాసుకున్నా కుట్టు తెగదు.

కోసి, మూతి తయారు చేయడం

తోలును నమూనా కన్నా మూడు వైపులా 2 మిల్లీమీటర్లు ఎక్కువగా కోయండి. మూతి వైపు మాత్రం సరిగ్గా గీత మీదే. తక్కిన అంచులు కుట్టయ్యాక అరగదీసి సమం చేసుకోవచ్చు, మూతికి ఆ అవకాశం ఉండదు.

ఇదే కారణంతో మూతి పని కుట్టుకు ముందే పూర్తి కావాలి. అంచు రెండు వైపులా కోణాలు చెక్కి, 400 నంబరు గరుకు కాగితంతో, తర్వాత 600తో రుద్ది, తడి చేసి, నున్నటి కర్రతోనో జీన్స్ గుడ్డతోనో వేడి పుట్టేదాకా రాయండి. అంచు పీచులు అణిగి గాజులా మెరుస్తుంది. టోకొనోల్ లాంటి బంక ఉంటే ఒక చుక్క రాయండి. లేదంటే 100 మిల్లీలీటర్ల నీటిలో 2 గ్రాముల సీఎంసీ (కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్) పొడి కలిపి రాత్రంతా నాననిస్తే అదే పని చేస్తుంది.

లోపలి గరుకు వైపు కూడా అదే బంక పూసి గాజుసీసా పక్కతో రుద్దితే నున్నబడుతుంది, చాకు పిడికి తోలు నలుసులు అంటవు. కానీ అంచుల వెంట 6 మిల్లీమీటర్లు మాత్రం వదిలేయండి. బంక ఆరి నున్నబడిన చోట సొల్యూషన్ అంటుకోదు, అతుకు కుట్టకముందే విడిపోతుంది.

అతుకు, కుట్టు

మడత గీత వెంట వేలితో నీళ్ళు రాసి, రెండు నిమిషాలాగి నెమ్మదిగా మడవండి. పొడిగా మడిస్తే పైపొర చిట్లుతుంది. ఒకసారి చిట్లితే ఏం పూసినా ఆ పగులు దాగదు.

సొల్యూషన్ పూసేముందు ఒక పరీక్ష. మడిచిన తోలు అంచులకు ఆఫీసు క్లిప్పులు పెట్టి, క్లిప్పుల కింద తోలు ముక్కలు ఆనించి, చాకు దూర్చి చూడండి. పొడి తోలులో చాకు ముప్పాతిక వంతు దిగి గట్టిగా ఆగిపోతే కొలత సరిగ్గా ఉన్నట్టే. హాయిగా అడుగుదాకా జారిపోతే తడిపి అచ్చు తీశాక మరీ వదులవుతుంది, గీతను ఒక మిల్లీమీటరు లోపలికి జరపండి. సగం కూడా దిగకపోతే బయటికి జరపండి. తోలును మూడు వైపులా ఎక్కువగా కోసింది ఇందుకే.

సొల్యూషన్ అంచు వెంట 4 మిల్లీమీటర్ల పట్టీలాగే పూయాలి. రెండు ముఖాలకూ పలచగా పూసి, వేలికి అంటనంతదాకా, దాదాపు పది నిమిషాలు ఆరనిచ్చి, కలిపి గూటంతో కొట్టండి. గీత దాటి లోపలికి పాకిన సొల్యూషన్ చాకుకు అంటుకుంటూనే ఉంటుంది. తెల్ల ఫెవికాల్ వాడకండి, తడిపి అచ్చు తీసేటప్పుడు నానిపోతుంది.

అంచు నుంచి 4 మిల్లీమీటర్ల లోపల గీత గీసి (మీరు 2 ఎక్కువ కోశారు కాబట్టి ప్రస్తుతానికి 6) ఉలితో గాట్లు పెట్టండి. రెండు పొరల మందం 3.6 మిల్లీమీటర్లు. ఉలి కాస్త వాలినా వెనకవైపు కుట్టు పాములా మెలికలు తిరుగుతుంది. గూటం వేసే ముందు ఉలిని ముందునుంచీ పక్కనుంచీ చూసి నిటారుగా ఉందో లేదో సరిచూసుకోండి. అడుగు వంపు దగ్గర రెండు పళ్ళ ఉలి వాడితే వంపు సాఫీగా వస్తుంది.

దారం ఎంత కావాలి? ఒక్కో కుట్టుకు ఒక సూది 4 మిల్లీమీటర్లు ముందుకు, 3.6 అడ్డంగా నడుస్తుంది. రెండు సూదులకూ కలిపి 15 పైచిలుకు, అంటే కుట్టు పొడవుకు నాలుగింతలు. ఈ ఒరకు కుట్టుగీత 12 సెంటీమీటర్ల పైన ఉంటుంది కాబట్టి సూదులకు, చివరి ముళ్ళకు కలిపి 65 సెంటీమీటర్లు కోసుకోండి. మధ్యలో దారం చాలకపోతే అతికి కుట్టడం కన్నా విప్పి మళ్ళీ మొదలుపెట్టడమే మేలు.

కుట్టు రెండు సూదులతోనే వేయాలి. ప్రతి రంధ్రంలో రెండు సూదులూ ఎదురెదురుగా దూరి వెళ్తాయి. మిషన్ కుట్టులో పైదారం, కిందిదారం ఒకదానికొకటి కొక్కెంలా పట్టుకుని ఉంటాయి. ఒకచోట తెగితే వరసగా ఊడతాయి. రెండు సూదుల కుట్టులో ఒక దారం తెగినా రెండోది పట్టుకునే ఉంటుంది. అడుగున మడత దగ్గర మొదలుపెట్టి మూతి వైపు రండి. ఏ రంధ్రంలోనైనా మొదట ఏ చేతి సూది వెళ్తుందో అది చివరిదాకా మార్చకండి. రెండోది ఎప్పుడూ మొదటి దారానికి ఒకే పక్కగా దూరాలి. వరస తప్పిన కుట్టు ఒక్కటే అయినా, మిగతావన్నీ వాలుగా పడుకుని అదొక్కటి నిటారుగా నిలబడి దూరానికే కనబడుతుంది. మూతి చేరాక మూడు కుట్లు వెనక్కి రండి. లాగినప్పుడల్లా బరువు పడేది అక్కడే. పాలిస్టర్ దారమైతే కొసలను 2 మిల్లీమీటర్లు వదిలి కోసి, లైటర్ మంటతో తాకి అదిమేయండి.

తడిపి అచ్చు తీయడం

ఒరకు రూపం వచ్చేది ఈ దశలోనే. చాకును ముందు సిద్ధం చేయండి. మరచుట్ట సందులోనూ, గోరు పెట్టి లాగే గాట్లలోనూ పిల్లలు ఆడుకునే మట్టిముద్ద కూరి సమం చేయాలి. లేకపోతే తడి తోలు ఆ గుంటల్లోకి దిగి ఆరిపోతుంది, తర్వాత చాకు తీసినప్పుడల్లా అక్కడే పట్టేస్తుంది. ఆపైన వంటింట్లో గిన్నెల మీద కప్పే పలచని ప్లాస్టిక్ పొర రెండు చుట్లు బిగించి చుట్టండి. కొసల దగ్గర చిన్న సందు కూడా ఉండకూడదు.

ఒరను గోరువెచ్చని నీళ్ళలో ముంచితే బుడగలు వస్తాయి. బుడగలు తగ్గేదాకా, అర నిమిషం నుంచి నిమిషం చాలు. వేడినీళ్ళు మాత్రం వద్దు. ఆ వేడికి తోలు ముడుచుకుని, బిరుసెక్కి, పెళుసుబారుతుంది, మళ్ళీ దారికి రాదు. బయటికి తీశాక వెంటనే నొక్కకండి. నీళ్ళోడుతున్న తోలు స్పంజిలా ఉంటుంది, ఏ గీతా నిలవదు. అరగంటో ముప్పావు గంటో ఆగితే పైన ముదురు రంగు తేలికబడటం మొదలవుతుంది, ముట్టుకుంటే చల్లగా ఉంటుంది, తడి చేతికి అంటదు. అదీ అదను.

అప్పుడు చాకును అడుగుదాకా దించి, నున్నటి ఎముక పలకతోనో, చెక్క గరిటె పిడితోనో చాకు పక్కలవెంట, కుట్టుగీత లోపలి వైపున రుద్దుతూ రండి. గోరు తగిలితే గోరు గుర్తు కూడా శాశ్వతంగా ఉండిపోతుంది. మరీ లోతుగా గీతలు తీయాల్సిన పని లేదు. పక్కలు చాకును ఆనుకుని, మూతి చుట్టూ అంటిపెట్టుకుని ఉంటే చాలు.

ఈ దశలో ఇనుము ఏదీ తగలనివ్వకండి. క్లిప్పులు, గూటం మేకులు, తుప్పు పట్టిన బల్ల, ఏదైనా సరే. కరక్కాయ, అన్నభేది కలిపి సిరా చేసినట్టే, కరక్కాయలో నానబెట్టిన బట్ట మీద ఇనుప రసంతో కలంకారీ నలుపు తేల్చినట్టే, చెట్టు చెక్క రసం పట్టిన తడి తోలుకు ఇనుము తగిలితే నిమిషాల్లో నల్లటి మచ్చ పడుతుంది. తాజా మచ్చ మీద నిమ్మరసం రాసి రెండు నిమిషాల్లో తడిగుడ్డతో తుడిచేస్తే చాలావరకు పోతుంది. పాతబడితే ఒర మొత్తానికి ముదురు రంగు వేసుకోవడమే.

మూడు నాలుగు గంటలకు రూపం నిలబడుతుంది. అప్పుడు చాకును మెల్లగా తీసేసి, ఒరను నీడలో, గాలి ఆడేచోట ఒక రోజు ఆరనివ్వండి. ఎండలోనూ, హెయిర్ డ్రయ్యర్ కిందా వద్దు. తీరప్రాంతంలో వానాకాలమైతే రెండు రోజులు పడుతుంది, ఫ్యాను కింద పెట్టండి, మూసిన డబ్బాలో పెడితే బూజు పడుతుంది. చాకును రాత్రంతా తడి ఒరలోనే వదిలేయకండి, ప్లాస్టిక్ ఎంత చుట్టినా తేమ దారి వెతుక్కుంటుంది. ఒకే రకం చాకుకు నాలుగైదు ఒరలు కుట్టేవారు టేకు ముక్కను అదే కొలతకు చెక్కి పెట్టుకుంటే ఈ బాధే ఉండదు.

ఆరాక అంచులు 220 కాగితంతో గీతకు 4 మిల్లీమీటర్లు మిగిలేదాకా అరగదీసి, మూతికి చేసినట్టే కోణం చెక్కి నున్నచేయండి. పైన తేనెమైనం కలిసిన పాలిష్ పలచగా రాస్తే చాలు. నూనె మాత్రం పట్టించకండి. చెప్పుకైతే నూనె మేలు చేస్తుంది, ఈ ఒరకు చెరుపు చేస్తుంది. తోలు మెత్తబడితే బిగువు పోతుంది. వంటనూనెలు అసలే వద్దు, జిడ్డుగా మిగిలి వాసనొస్తాయి.

తేడా వస్తే

చాకును పెట్టి ఒరను తలకిందులు చేసి రెండుసార్లు ఊపండి. కదలకూడదు. బొటనవేలు ఆనించి తోస్తే ఒక్క ఊపులో రావాలి. కొత్త ఒర కాస్త బిగుతుగా ఉంటేనే మంచిది, రెండు మూడు వారాల వాడకంలో తోలు సర్దుకుంటుంది.

మరీ బిగుతుగా ఉంటే, చాకుకు ప్లాస్టిక్ పొర కింద రెండు చుట్లు కాగితం కూడా చుట్టి, ఒరను పది సెకన్లు తడిపి, చాకు దూర్చి నాలుగు గంటలు ఉంచండి. ఒక మిల్లీమీటరు దాకా ఇస్తుంది. అంతకు మించి కావాలంటే కుట్టు విప్పాల్సిందే.

వదులుగా ఉంటే ముందు వదులు ఎక్కడుందో చూడండి. మూతి దగ్గరే అయితే ఆ భాగాన్ని మాత్రం తడిపి, చాకు పెట్టి వేళ్ళతో అదిమి ఆరనిస్తే తరచుగా సరిపోతుంది. ఒర మొత్తం వదులైతే పాత కుట్టుకు 1.5 మిల్లీమీటర్ల లోపల రెండో వరస వేయండి, చుట్టుకొలత మూడు మిల్లీమీటర్లు తగ్గుతుంది. రెండు వరసలూ సమాంతరంగా ఉంటే కావాలని వేసినట్టే ఉంటుంది.

చాకులో ఇత్తడి భాగాలుంటే వాటి మీద కొన్నాళ్ళకు ఆకుపచ్చ చిలుము కనబడుతుంది. తోలులోని ఆమ్లాల పని అది, అప్పుడప్పుడు పొడిగుడ్డతో తుడవండి. తుప్పు పట్టే రకం ఉక్కు చాకును, ఒపినెల్ కార్బన్ లాంటిదాన్ని, నెలల తరబడి ఒరలో పెట్టి బీరువాలో దాచకండి. రోజూ జేబులో తిరిగినన్నాళ్ళు ఒర మంచిదే. దాచేటప్పుడు చాకు వేరుగా, ఒర వేరుగా పెట్టండి.